పానెల్‌కి ఎనిమిది జోన్ల కార్డు వేశాం, 9 నుంచి జోన్లు కీప్యాడ్‌లో పలకట్లేదు

కిమిడి గోదాం, పర్లాకిమిడి:

ఇంట్లో డీఎస్‌సీ కంపెనీ దొంగల అలారం పానెల్, పీసీ1832 ఉంది. బోర్డు మీదున్న ఎనిమిది జోన్లూ (ఒక్కో తలుపుకో, సెన్సరుకో ఒక్కో వైరు) ఇంటికే అయిపోయాయి. పెరటివైపు జీడిపిక్కల గోదాంని కూడా కలపాలని పీసీ5108 కార్డు ఒకటి తెచ్చి, గోదాంలోనే చిన్న ఇనప పెట్టెలో బిగించాం. పానెల్ నుంచి కార్డు దాకా వైరు 55 మీటర్లు. దాని మీద ఏడు జోన్లు: 9 పక్క తలుపు, 10 కిటికీ, 11 షట్టరు, 12, 13, 14 పీఐఆర్‌లు (మనిషి కదిలితే పసిగట్టేవి), 15 ప్రహరీ మీద బీమ్ జత (మధ్యలోంచి ఎవరైనా దాటితే పసిగట్టేది). 16 ఖాళీ.

తలుపు తీసినా, పీఐఆర్ ముందు తిరిగినా కీప్యాడ్‌లో ఏమీ రాదు. రెండోది, కరెంటు పోయిన కాసేపటికి ట్రబుల్ లైటు వెలుగుతోంది, చూస్తే మాడ్యూల్ సూపర్‌వైజరీ అంటోంది. కరెంటొచ్చాక పోతుంది. మూడోది, బిగించిన కుర్రాడు జోనుకొకటి చొప్పున వేసే ఎనిమిది రెసిస్టర్లూ కార్డు టెర్మినల్స్ దగ్గరే పెట్టేశాడు, అక్కడున్నా ఒకటేనట. నిజమేనా? కార్డే పోయిందా, మార్చాలా?

రాయగడ పానెల్:

కార్డు మార్చకండి. మీ రెండో బాధే మొదటిదానికి జవాబు చెబుతోంది. సూపర్‌వైజరీ ట్రబుల్ వస్తోందంటే పానెల్ ఆ కార్డుని ఎప్పుడో గుర్తుపట్టిందన్నమాట. ముందెన్నడూ చూడని మాడ్యూల్ కనబడటం లేదని అది గోల పెట్టదు కదా. కాబట్టి పానెల్ నుంచి కార్డుకొచ్చే నాలుగు వైర్లూ సరిగానే ఉన్నాయి, జంపర్లు (కార్డుకి జోన్ల నంబర్లు కుదిర్చే చిన్న పిన్నుల తొడుగులు) 9-16కే ఉన్నాయో లేదో కార్డుతో వచ్చిన కాగితంలో పట్టిక చూసి ఒకసారి సరిపోల్చుకోండి చాలు. జంపరు మార్చాల్సొస్తే మెయిన్స్ తీసి, బ్యాటరీ వైరు తీసి, మార్చాక మళ్లీ ఇవ్వండి. నడుస్తుండగా మార్చింది లెక్కలోకి రాదు.

మిగిలింది ప్రోగ్రామింగు. కీప్యాడ్‌లో స్టార్ 8, తర్వాత ఇన్‌స్టాలర్ కోడు. ఫ్యాక్టరీ కోడు 5555, మార్చి ఉంటే బిగించినాయన్నే అడగాలి. కోడు తెలీదని పానెల్ని డిఫాల్ట్ చేస్తే ఇంటి జోన్లు కూడా మొదట్నుంచీ పెట్టుకోవాల్సిందే.

లోపలికెళ్లాక 902 కొట్టి ఒక నిమిషం ఆగండి, పానెల్ మాడ్యూళ్లని మళ్లీ లెక్కపెట్టుకుంటుంది. 903లో ఏవి దొరికాయో చూపిస్తుంది. తర్వాత 002. ఇది 9 నుంచి 16 దాకా జోన్ల రకం. ఒక్కో జోనుకి రెండంకెలు, వరసగా. ఆఖరున 203. ఇది 9-16 జోన్లని ఒకటో పార్టిషన్‌లో (కలిపి ఆర్మ్ చేసే జోన్ల గుంపు) కలిపేది. అక్కడ కనిపించే 1 అంటే జోన్ 9, 2 అంటే 10, అలా. 1 నుంచి 7 దాకా వెలిగించి, 8ని వదిలేయండి. ఎక్కువమంది 002 పెట్టి 203 మరిచిపోతారు. రకం చెప్పారు గాని ఏ పార్టిషన్‌దో చెప్పలేదు కాబట్టి, జోను ఎవరికీ చెందకుండా పడుంటుంది. మీ కీప్యాడ్ మౌనానికి కారణం ఇదే అయుండాలి.

రకం ఎంచుకోడంలో ఒక మెలిక ఉంది. ఇంట్లో పీఐఆర్‌లకి అలవాటుగా 05 పెడతారు. మనుషులు లోపలుండగా స్టేలో ఆర్మ్ చేస్తే ఆ జోన్లని పానెల్ వదిలేస్తుంది. ఇంట్లో అది సుఖం. గోదాంలో ఎవరూ పడుకోరు కదా, మీరు రాత్రి స్టే నొక్కి పడుకుంటే గోదాం పీఐఆర్‌లు మూడూ నిద్రపోతాయి. అందుకని గోదాం జోన్లు ఏడింటికీ 03 పెట్టండి, అంటే వెంటనే మోగేది. 01 అంటే ఆలస్యంగా మోగేది, గోదాంలో కీప్యాడ్ లేనప్పుడు దాని పని లేదు. 16కి 00. పగలు ఇంటికి తాళం వేసుకుని వెళ్లినా గోదాంలో పని నడుస్తుందంటే, గోదాంని రెండో పార్టిషన్ చేసుకోండి. అప్పుడు 203లో ఈ జోన్లు ఉండకూడదు.

రెసిస్టర్ల సంగతి: కుర్రాడు చెప్పింది సగమే నిజం. పనైతే చేస్తుంది. వైరు తెగితే పానెల్‌కి తెలుస్తుంది కూడా. కానీ కాంటాక్టుకీ (తలుపు మీదుండే అయస్కాంతపు స్విచ్చి) కార్డుకీ మధ్య ఆ రెండు వైర్లనీ ఎవరైనా గిచ్చి కలిపేస్తే, లేదా ఎలుక కొరికి అవే కలిసిపోతే, టెర్మినల్ దగ్గరున్న 5.6 కిలో ఓమ్ అలాగే కనిపిస్తుంది. తలుపు తీసినా పానెల్ దృష్టిలో మూసే ఉంటుంది. రెసిస్టరు కాంటాక్టు దగ్గర, దానితో సిరీస్‌లో ఉంటే అదే షార్టు సున్నా ఓమ్‌గా కనబడి అలారం వస్తుంది. ఆకుపచ్చ, నీలం, ఎరుపు, బంగారు గీతలున్నవి ఏడూ తీసుకెళ్లి చివర్లకి మార్చండి. ఈ ఏడు జోన్ల టెర్మినల్స్‌లో ఒక్కటి కూడా మిగలకూడదు.

మార్చాక మీటరు పెట్టి ఒక్కో జోనూ చూసి ఇక్కడ రాయండి. వైర్లు కార్డు నుంచి విప్పి, ఉత్త వైర్ల మధ్యే కొలవాలి. కలిపుండగా ఓమ్ పెడితే పానెల్ ఓల్టేజీ వల్ల అడ్డదిడ్డమైన అంకెలొస్తాయి.

కిమిడి గోదాం:

203 పెట్టగానే పలికాయండీ. 03 కూడా మార్చాం. రెసిస్టర్లు చివర్లకి మార్చాక, తలుపులన్నీ మూసి, పీఐఆర్‌ల ముందు ఎవరూ లేకుండా చూసిన లెక్క: 9, 10, 14, 15 నాలుగూ 5.6 దగ్గరే. 11 ఓపెన్. 12 మీద 3.9 చూపిస్తూ అంకె నిలవడం లేదు, పైకీ కిందకీ పోతోంది. 13 మీద 11.2.

ఓల్టేజీ కూడా చూశాం. పానెల్ దగ్గర ఎరుపు నలుపుల మధ్య 13.7, గోదాం కార్డు దగ్గర 11.9. మెయిన్స్ తీసి బ్యాటరీ మీద కాసేపు నడిపితే పానెల్‌లో 12.1, కార్డులో 10.3. గోదాం సామానంతా కలిపి తీసుకునే కరెంటు 120 మిల్లీయాంపియర్లు.

రాయగడ పానెల్:

13 సులువు. 11.2 అంటే 5.6 రెండుసార్లు. ఆ పీఐఆర్ లోపలే రెసిస్టరు ఉండి, జంపరుతో ఆన్ అయి ఉంది. దాని మీద మీరు ఇంకోటి వేశారు. లోపలి జంపరు తీసేయండి, లేదా మీదైనా తీసేయండి. రెండు రెసిస్టర్ల పద్ధతి పెట్టిన పానెల్‌లో 11.2 అంటే అలారం అని అర్థం. మీ పానెల్ ఒక రెసిస్టరు పద్ధతిలో ఉంది కాబట్టి ఇక్కడా అది తెరిచిన జోన్ కిందే లెక్క.

11 షట్టరు. మామూలు తలుపు కాంటాక్టు అయితే ఇనప రేకు మీద అయస్కాంతం బలం బాగా తగ్గిపోతుంది. చెక్క మీద రెండు సెంటీమీటర్లు ఎడమున్నా పట్టేది, ఇనుము మీద అందులో సగం కూడా పట్టదు. పైగా షట్టరు గాలికి ఊగుతుంది. షట్టర్లకని అమ్మే దిట్టమైన కాంటాక్టు, నేల మీద బిగించేది, వేయండి. ముందు పరీక్షగా అయస్కాంతాన్ని చేత్తో కాంటాక్టుకి ఆనించి చూడండి. 5.6 వస్తే వైరు మంచిదే.

12 నీళ్లు. 5.6కి పక్కన సమాంతరంగా దాదాపు 13 కిలో ఓమ్ దారి ఒకటి ఏర్పడితే మీటరు 3.9 చూపిస్తుంది. అంకె నిలవకపోవడం తడి లక్షణం. దారిలో ఎక్కడో మెలేసి టేపు చుట్టిన అతుకు ఉంటుంది, వెతకండి. కోసేసి, సోల్డరు పెట్టి, జెల్ ఉన్న కనెక్టరులో మూయండి. అసలు అతుకే లేకుండా కొత్త వైరు లాగితే ఇంకా మేలు.

బరంపురం మీటరు:

ఓల్టేజీ మీద ఒక మాట. 13.7కీ 11.9కీ తేడా 1.8. దాన్ని 0.12 ఆంపియర్‌తో భాగిస్తే 15 ఓమ్. 55 మీటర్లంటే పోనూ రానూ 110 మీటర్లు. 110 మీటర్లకి 15 ఓమ్ అంటే మీది 0.4 మిల్లీమీటర్ల మందం టెలిఫోను వైరు, చూడకుండానే చెప్పొచ్చు. బ్యాటరీ మీద నడిచేటప్పుడు పానెల్‌లోనే 12.1 అయితే ఆ 1.8 పోగా 10.3 మిగిలింది. బ్యాటరీ ఇంకా దిగే కొద్దీ కార్డు మాట్లాడటం మానేస్తుంది. అదే మీ సూపర్‌వైజరీ. కరెంటొస్తే మళ్లీ 11.9, ట్రబుల్ మాయం.

0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు నాలుగు కోర్లది వేస్తే 110 మీటర్లకి 4.3 ఓమ్, తగ్గేది అర ఓల్టు. కొనేటప్పుడు చివర కొంచెం గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే రాగి పూత పూసిన అల్యూమినియం, వద్దు. డీఎస్‌సీ వాళ్లు కీబస్‌కి (కార్డుకొచ్చే ఆ నాలుగు వైర్లకి) పానెల్ నుంచి 305 మీటర్ల దాకా ఒప్పుకుంటారు గాని, అది డేటా దూరం. దాని మీద మీరు బరువు మోయిస్తే ఓల్టేజీ ముందే అడ్డుపడుతుంది.

వైరు మార్చడం కుదరకపోతే గోదాంలోనే 12 ఓల్టుల సప్లై, దానికో 7 ఏహెచ్ (ఆంపియర్ గంటల) బ్యాటరీ పెట్టి, బీమునీ పీఐఆర్‌లనీ దాని మీదకి మార్చండి. అప్పుడు రెండు సప్లైల నెగటివ్‌లు కలిసి ఉండాలి, పాజిటివ్‌లు కలవకూడదు.

వైరు మార్చే రోజు రంగులు పూర్తి పేర్లతో చెప్పండి బాబూ. పసుపుపచ్చ, ఆకుపచ్చ అని. ఉత్త 'పచ్చ వైరు' అంటే కుర్రాళ్లు ఒకదాని చోట ఒకటి పెట్టేస్తారు. ఒకటి క్లాకు, ఒకటి డేటా. తారుమారైతే కార్డుకి 13 ఓల్టులు చక్కగా వస్తాయి, మాట మాత్రం రాదు, అందరూ కార్డు పోయిందంటారు.

పానెల్ బ్యాటరీ కూడా ఒక లెక్క వేసుకోండి. ఇల్లు 250 అనుకుందాం, గోదాం 120, మొత్తం 370 మిల్లీయాంపియర్లు. కొత్త 7 ఏహెచ్ బ్యాటరీకి కాగితం మీద 19 గంటలు. నాలుగేళ్ల బ్యాటరీకి అందులో సగం వచ్చినా గొప్పే. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను లాంటిదొస్తే ఏ బ్యాటరీ అయినా చాలదనుకోండి.

గుణుపురం వర్షాకాలం:

ఆ 55 మీటర్లూ ఇంటి చూరు నుంచి గోదాం చూరుకి గాల్లో వేలాడుతోందా? అయితే వైరు మందం కన్నా ముందు అది దించండి. రెండు కట్టడాల మధ్య గాల్లో వేలాడే వైరు మన కొండల పిడుగులకి ఏరియల్ లాంటిది. దగ్గర్లో పడినా చాలు, కార్డుతోపాటు పానెల్ డేటా భాగం కూడా మాడుతుంది. పీవీసీ పైపులో భూమిలోంచి తీసుకెళ్లండి, 230 ఓల్టుల వైరు అదే పైపులో వద్దు. పక్కపక్కనే వెళ్లాల్సొస్తే ఒక అడుగు ఎడం. దాటాల్సిన చోట అడ్డంగా, లంబకోణంలో దాటించండి. పానెల్ ఎర్తు టెర్మినల్ ఖాళీగా వదిలేసి ఉంటారు చాలాచోట్ల, అది నిజమైన ఎర్తుకి కలిసిందో లేదో చూడండి. నెత్తిన పడిన పిడుగుని ఇవేవీ ఆపలేవు, పక్కింట్లో పడినదాని దెబ్బ తగ్గిస్తాయి.

ఇనప పెట్టెలో కార్డు ప్లాస్టిక్ స్టాండాఫ్‌ల మీద ఉందా, నేరుగా రేకుకి ఆనుతోందా చూడండి. వైరు దూరిన రంధ్రాలన్నీ పుట్టీతో మూయండి. వెచ్చగా ఉంటుందని బల్లులు దూరతాయి, చీమలు టెర్మినల్స్ మీద గూడు కడతాయి. బల్లి రెండు టెర్మినల్స్ మీద పడి చస్తే జోన్ 10 అర్ధరాత్రి ఎందుకు మోగిందో మీటరు కూడా చెప్పదు.

కిమిడి గోదాం:

గాల్లోనే వేలాడుతోందండీ. వైరు విప్పి చూస్తే 0.4 టెలిఫోను వైరే. భూమిలోంచి పైపు వేసి 0.5 నాలుగు కోర్లది లాగుతాం. 12లో అతుకు దొరికింది, చూరు నీళ్లు కారే చోటే ఉంది. ఒక్క సందేహం: పైపు వేసేటప్పుడే ఇంకో రెండు కోర్లు ఎక్కువ వేసుకోవాలా?

బరంపురం మీటరు:

ఆరు కోర్లది వేయండి. మిగిలిన రెండింటిలో ఒకటి ఎరుపుకి, ఒకటి నలుపుకి జత చేస్తే తగ్గే ఓల్టేజీ సగానికి దిగుతుంది. పసుపుకీ ఆకుపచ్చకీ జత కట్టొద్దు.