మినియేచర్ ష్నాజర్: మయోటోనియా క్యారియర్‌తో లిట్టర్ (ఒక ఈత పిల్లలు) తీయొచ్చా?

లిట్టర్‌బుక్: మయోటోనియా కంజెనిటా అంటే పుట్టుకతో వచ్చే కండరాల బిగుతు జబ్బు. దాని జన్యుపరీక్షలో క్యారియర్ (చెడిన జన్యువు ఒక కాపీ ఉన్నది) అని తేలిన ష్నాజర్ కుక్కను మేటింగ్‌కు వాడొచ్చా అన్నది ప్రశ్న. జత కట్టే రెండో కుక్క క్లియర్ (చెడిన జన్యువు అసలు లేనిది) అయితే వాడొచ్చనే నేనంటాను. ఇది రిసెసివ్ జబ్బు. చెడిన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే పిల్ల కండరాలు బిగుస్తాయి. క్యారియర్, క్లియర్ జతకు పుట్టిన ఏ పిల్లకూ జబ్బు రాదు, ఒక్కోటి క్యారియర్ అయ్యే అవకాశం మాత్రం సగం. క్యారియర్ జీవితాంతం మామూలుగానే తిరుగుతుంది. మంచి కళ్లు, మంచి గుండె, మంచి స్వభావం ఉన్న కుక్కను ఈ ఒక్క జన్యువు కోసం వదులుకోవడం దండగ.

దొడ్డిగేటు: లెక్క బాగానే ఉందన్నా, ఆ సగం పిల్లలు ఎవరింటికి పోతాయి? కొన్నవాళ్లు రెండేళ్లకు పక్క వీధి మగకుక్కతో మేటింగ్ చేయిస్తారు, దానికి పరీక్షే ఉండదు. 2002లో అమెరికాలో అచ్చయిన పరిశీలనలో 372 ష్నాజర్లను చూస్తే సుమారు 20 శాతం క్యారియర్లు. వంశావళి వెనక్కి తిరగేస్తే ఒకే పూర్వీకుడి దగ్గర తేలింది. పేరొచ్చిన మగకుక్క కోసం అందరూ ఎగబడితే అయ్యేది ఇదే.

నాడీకండరం (పశువైద్యం): ఐదింట ఒకటి క్యారియర్ అనుకుంటే, పరీక్ష లేని జతల్లో 25కి ఒకటి క్యారియర్-క్యారియర్ అవుతుంది. అందులో పావువంతు పిల్లలకు జబ్బు, అంటే నూటికి ఒకటి. అయితే ఆ 20 శాతం ఊరంతా తిరిగి తీసిన లెక్క కాదు, శాంపిల్ పంపినవాళ్ల కుక్కల లెక్క.

జబ్బు ఎలా ఉంటుందో చెప్పకపోతే ఈ వాదన గాల్లోనే ఉంటుంది. పడుకున్న పిల్ల లేవగానే కాళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి, వెనక కాళ్లు రెండూ కలిపి గెంతుతుంది. కాసేపు నడిస్తే సడలుతుంది. కీళ్ల నొప్పి అనుకుని మందులిచ్చేది ఇక్కడే. మింగడం కష్టం, చొంగ కారుతుంది, నాలుక లావెక్కుతుంది. తొడ కండరాన్ని సుత్తితో తడితే సొట్ట పడి కొన్ని సెకన్లు అలాగే ఉంటుంది. కండరాన్ని తిరిగి శాంతపరిచే క్లోరైడ్ చానల్ పనిచేయక, ఒక్క ఆదేశానికే కండరం మళ్లీ మళ్లీ స్పందిస్తుంది. మెక్సిలెటిన్, ప్రొకైనమైడ్ అనే మందులు బిగుతు తగ్గిస్తాయి కానీ నయం చేయవు. సర్జరీ ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి, కండరాలు సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ వాడకూడదు.

దొడ్డిగేటు: చూశారుగా, మందు పోస్తూ బతికించాలి. అందుకే క్యారియర్‌తో అసలు లిట్టర్ తీయొద్దంటున్నా.

జీన్‌కాపీ: అయిదో వంతు కుక్కల్ని ఒకేసారి మేటింగ్ నుంచి తప్పిస్తే మిగిలినవాటిలో దగ్గరి సంబంధాలు పెరుగుతాయి, ఇంకో రిసెసివ్ జబ్బు బయటికొస్తుంది, దానికి పరీక్ష కూడా ఉండకపోవచ్చు. క్యారియర్‌ను క్లియర్‌తో కలిపి, పిల్లల్లో క్లియర్ వాటినే తర్వాతి తరానికి ఉంచితే ఒక్క తరంలో ఆ ఇంటి లైన్ శుభ్రమవుతుంది, మిగతా జన్యువులు పోవు.

ఒక జాతి పరీక్షను ఇంకో జాతికి వాడే పొరపాటు కూడా కనిపిస్తోంది. ఆస్ట్రేలియన్ కేటిల్ డాగ్ జాతిలో కూడా ఆ క్లోరైడ్ చానల్‌ను తయారుచేసే సీఎల్‌సీఎన్1 జన్యువే చెడుతుంది, కానీ మార్పు వేరు. ష్నాజర్ పరీక్ష దానికి పనికిరాదు. రిపోర్టులో జన్యువు పేరే కాదు, ఏ మార్పు చూశారో చదవండి.

శాంపిల్ దగ్గరా జాగ్రత్త. పిల్లను గంట ముందే తల్లి నుంచి వేరు చేయండి, పాలతో పాటు తల్లి కణాలు నోట్లో ఉంటే ఫలితం తారుమారవుతుంది. స్వాబ్‌ను (శాంపిల్ తీసే పుల్లను) చెంపకూ చిగురుకూ మధ్య అర నిమిషం గట్టిగా తిప్పి, గాలికి ఆరాకే కవర్లో పెట్టండి. తడిగా ప్లాస్టిక్‌లో మూస్తే బూజు పడుతుంది.

లిట్టర్‌బుక్: తల్లీతండ్రీ క్లియరైతే పిల్లలకు పరీక్ష అక్కర్లేదంటారు. అదే ఎదలో రెండో మగకుక్క దగ్గరికి పోలేదని ఖాయమైతేనే ఆ మాట చెల్లుతుంది.

దొడ్డిగేటు: సరే, ఆడకుక్క వరకు ఒప్పుకుంటా. దానికి జీవితంలో నాలుగైదు లిట్టర్లే, పిల్లలన్నిటికీ పరీక్ష చేయించొచ్చు, క్యారియర్ పిల్లలను సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించాలనే షరతు మీదే ఇవ్వొచ్చు. క్యారియర్ మగకుక్కను బయటివాళ్ల ఆడకుక్కలకు స్టడ్‌గా (మేటింగ్‌కు) ఇవ్వడానికి మాత్రం ఒప్పుకోను. ఏడాదికి ఎన్ని మేటింగులో ఎవరు లెక్క పెడతారు?

లిట్టర్‌బుక్: సొంత ఆడకుక్కలకైతే?

దొడ్డిగేటు: రిపోర్టు చూపించి అమ్మితే సరే. కొనేవాడికి ఆ కాగితం ఇవ్వని బ్రీడర్లే ఎక్కువ, నా అభ్యంతరం అదే.