నీళ్ళొదులుకోవడం: దానమా, తర్పణమా?

తెనాలి: చేబదులు తీసుకున్నవాడు తిరిగివ్వకపోతే మా నాన్నమ్మ "ఇక దానికి నీళ్ళొదులుకోవడమే" అనేది. ఈ నీళ్ళు దానధారవా, తర్పణానివా? పోతన భాగవతంలో బలి చక్రవర్తి వామనుడికి దానమిచ్చేటప్పటి పద్యం నాలుకమీద ఆడుతోంది: "రాజ్యము గీజ్యమున్ సతతమే..." తరువాతి ముక్క అందడం లేదు. నా మొగ్గు దానం వైపే.

కడప: "...కాయంబు నాపాయమే". దానమేనండీ. భూదాన శాసనాల్లో 'ధారాపూర్వకముగా', అంటే నీళ్ళధార విడిచి ఇచ్చినట్టు, అని ఎన్నిచోట్ల చూడలేదు! ధార పడిందంటే హక్కు పోయినట్టే.

హనుమకొండ: ఒప్పుకోను. విభక్తి చూడండి. రాజ్యాన్ని ధారపోశాడంటాం. నీళ్ళు మాత్రం 'దానికి' వదులుతాం. కీలకమంతా ఆ 'కి'లోనే. బాకీ చచ్చిపోయింది, దానికి తర్పణం వదిలాం. 'విలువలకు తిలోదకాలు' అన్నప్పుడు నువ్వులతో సహా కనిపిస్తోందిగా.

విశాఖ: తిలోదకాలు వేరు సార్. అందులో నింద ఉంది, కావాలని వదిలేసినవాణ్ణి అంటాం. నీళ్ళొదులుకున్నవాడు నష్టపోయినవాడు. ఈ 'కొను' పోగొట్టుకొనులో ఉన్నదే.

తెనాలి: 'నాపాయమే'నా, 'నపాయమే'నా? కాయంబున్ + అపాయమే అని బడిలో విన్న గుర్తు.

హనుమకొండ: ఇది శార్దూల వృత్తమండీ, అక్కడ తగణం (రెండు గురువులు, ఒక లఘువు) పడాలి. హ్రస్వం పెడితే గణం చెడుతుంది. న + అపాయము. రాజ్యం శాశ్వతమా, ఒళ్ళు చెడనిదా అని రెండు ప్రశ్నలు. మీ విరుపుతో రెండోది తలకిందులవుతుంది. అయినా ఈ పద్యానికి ప్రాణం 'గీజ్యము'. కాఫీ గీఫీ అన్నంత తేలిగ్గా మూడు లోకాల పెత్తనాన్ని తీసిపారేశాడు. శ్రీసతి కొప్పును తాకిన చేయి కింద, నా చేయి పైన అంటున్నవాడి ధీమా అది! మా బమ్మెర పోతన్న తప్ప శార్దూలంలో ఇలాంటి ఇంటిమాట ఎవరు పెడతారు?

కడప: మా ఒంటిమిట్టలోనూ ఆయన్ని మావాడనే అంటాం, అది అటుంచండి. ధార పడకుండా కలశరంధ్రానికి అడ్డుపడి కన్ను పోగొట్టుకున్న శుక్రుణ్ణి, బలి గురువుని, అడగండి. 'మావాడు రాజ్యానికి నీళ్ళొదులుకున్నాడు' అనే అంటాడు.

విశాఖ: ఇది బాగుంది. ఇచ్చినవాడు ధారపోశానంటాడు, పక్కవాడు నీళ్ళొదులుకున్నాడంటాడు. 'కొను' ఎక్కడ చేరుతుందో గమనించండి.

హనుమకొండ: శుక్రుడి నోట మాట మీరు పెట్టింది, పోతన పెట్టలేదు. బలి మొహంలో దిగులు లేదు. నాన్నమ్మ మాటలో ఉంది.

కడప: సరే, 'వామనుడికి ధారపోశాడు' అనమా? అక్కడా 'కి' ఉందిగా!

హనుమకొండ: అది పుచ్చుకునేవాడి 'కి'. బాకీ దానం పుచ్చుకోదు కదండీ. పోయినవాళ్ళు తర్పణం పుచ్చుకుంటారు.