దక్షిణ కరోలినాలో 1876 కాంగ్రెస్ ఎన్నికలు: సైన్యం ఓటును కాపాడిందా, తారుమారు చేసిందా?

చరిత్రపాఠి:
అమెరికా అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ యుగానికి (బానిసత్వం రద్దయి, ఓడిన దక్షిణాది రాష్ట్రాలను మళ్లీ దేశంలో కలుపుకున్న కాలానికి) సంబంధించిన ఒక ప్రశ్నను చర్చకు పెడుతున్నాను. 1870 జనాభా లెక్కల ప్రకారం దక్షిణ కరోలినాలోని 7,05,606 మందిలో 4,15,814 మంది నల్లజాతివారు. ఆ ఏడాది డిసెంబరులోనే ఆ రాష్ట్రం నుంచి జోసెఫ్ రెయినీ ప్రతినిధుల సభలో అడుగుపెట్టిన తొలి నల్లజాతీయుడయ్యారు. 1872లో రాష్ట్రానికున్న అయిదు స్థానాల్లో నాలుగింటిని నల్లజాతీయులే గెలిచారు. 1876 నవంబరులో ఫెడరల్ సైనికులు రాష్ట్రంలో ఉండగా ఎన్నికలు జరిగాయి. అయిదో నియోజకవర్గంలో అప్పట్లో నల్లజాతివారు ఎక్కువగా బలపరిచిన రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి, నల్లజాతీయుడైన రాబర్ట్ స్మాల్స్ చేతిలో స్వల్ప తేడాతో ఓడిన డెమోక్రాట్ జార్జ్ టిల్మన్, సైనికుల అండ వల్లనే ఫలితం అలా వచ్చిందని సభకు ఫిర్యాదు చేశారు. ఆ వాదనలో ఎంత నిజముందని మీరు అనుకుంటున్నారు?

తీరవాసి:
నా దృష్టిలో ఆ వాదనను పూర్తిగా కొట్టివేయలేము. ఏ ప్రజాస్వామ్యంలోనైనా తుపాకులు పట్టిన సైనికులు ఊళ్లో ఉండగా జరిగిన ఎన్నికను అనుమానంతో చూడడం సహజమే. హింస ఒకవైపు నుంచే రాలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 1876 అక్టోబరులో చార్లెస్టన్ సమీపంలోని కెయిన్‌హాయ్‌లో జరిగిన కాల్పుల్లో ఎక్కువగా చనిపోయినవారు శ్వేతజాతీయులే. డెమోక్రాట్ల వైపు మొగ్గిన నల్లజాతి ఓటర్లను సొంతవారే బెదిరించి వెలివేసిన సందర్భాలూ ఉన్నాయి. వీటన్నిటికీ తోడు అప్పటి రిపబ్లికన్ ప్రభుత్వంపై భూములు కొని పేదలకు అమ్మే భూముల కమిషన్, ముద్రణ కాంట్రాక్టుల విషయంలో వచ్చిన అవినీతి ఆరోపణలు చాలావరకు నిజమైనవి. కాబట్టి అప్పులతో, పన్నులతో విసిగిన జనం మార్పు కోరుకున్నారనే వివరణకు బలముంది.

అక్షరయాత్రి:
తీరవాసి గారూ, కెయిన్‌హాయ్ సంగతి నిజమే, అవినీతి సంగతీ నిజమే. కానీ అవినీతి మీద విసుగే అసలు కారణమైతే 1876 నాటి సంఘటనలు జరిగిన వరుస దానికి పొసగదు. 1874లో గవర్నరైన డేనియల్ చాంబర్లెయిన్ సొంత పార్టీవారితో తగాదా పెట్టుకుని మరీ ఖర్చులు తగ్గించి, దుబారాను అరికట్టడానికి పూనుకున్నారు. ఆ కారణంగానే చార్లెస్టన్‌లోని డెమోక్రాటిక్ పత్రిక న్యూస్ అండ్ కొరియర్ సంపాదకుడు ఫ్రాన్సిస్ డాసన్ 1876 వేసవి దాకా ఆయనను సమర్థించారు. ఆ పొత్తు చెడింది ఆ రాష్ట్రంలోని హాంబర్గ్ అనే ఊళ్లో జరిగిన హత్యల తర్వాత.

హాంబర్గ్‌లో జరిగినదాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. జూలై 4న నల్లజాతి మిలీషియా దళం వీధిలో కవాతు చేస్తుండగా ఇద్దరు శ్వేతజాతి రైతుల బండికి దారి విషయమై వాగ్వాదం జరిగింది. నాలుగు రోజుల తర్వాత, జూలై 8న, అంతర్యుద్ధంలో దక్షిణాది (కాన్ఫెడరేట్) పక్షాన పోరాడిన మాజీ సేనాని మాథ్యూ బట్లర్ వందల మంది సాయుధులు వెంట ఉండగా మిలీషియా తన ఆయుధాలను అప్పగించాలని పట్టుబట్టారు. వారు నిరాకరించడంతో కాల్పులు మొదలయ్యాయి. ఆ రాత్రి పట్టుబడినవారిలో కొందరిని పేరు పెట్టి పిలిచి, పక్కకు తీసుకుపోయి కాల్చి చంపారు. ఆ హత్యలను చాంబర్లెయిన్ బాహాటంగా ఖండించిన తర్వాతనే డెమోక్రాట్లు రాజీ మాట మానుకుని ఆగస్టులో గవర్నర్ పదవికి వేడ్ హాంప్టన్‌ను నిలబెట్టారు. మరుసటి ఏడాదే బట్లర్ సెనేటర్ కావడం నన్ను ఈనాటికీ కలవరపెడుతుంది.

ప్రతి డెమోక్రాటూ బెదిరించో, డబ్బిచ్చో, బూత్‌కు రాకుండా ఆపో కనీసం ఒక్క నల్లజాతి ఓటునైనా అదుపులో పెట్టాలని ఆ పార్టీ నాయకుడు మార్టిన్ గ్యారీ రాతపూర్వకంగా ప్రణాళిక రచించారు. సెప్టెంబరులో ఎలెంటన్ పరిసరాల్లో డజన్ల కొద్దీ నల్లజాతివారిని చంపారు. వారిలో శాసనసభ్యుడు సైమన్ కోకర్ ఒకరు. రైఫిల్ క్లబ్బులు (డెమోక్రాట్ల పక్షాన పనిచేసిన శ్వేతజాతి సాయుధ దళాలు) రద్దు కావాలని అధ్యక్షుడు గ్రాంట్ ప్రకటన జారీ చేసి అదనపు దళాలను పంపింది ఇదంతా జరిగాక, అక్టోబరులో. అప్పటికీ ఆ దళాలు చేయగలిగింది తక్కువే. పోలింగు రోజున అయిదో నియోజకవర్గంలోనే ఉన్న ఎడ్జ్‌ఫీల్డ్ పట్టణంలో సైనికులు ఉండగానే, ఎర్రచొక్కాలు తొడుక్కున్న డెమోక్రాట్ల సాయుధ దండు కోర్టు భవనం మెట్లను, గదులను కమ్మేసి నల్లజాతి ఓటర్లను పెట్టె దాకా రానివ్వలేదు. ఆ కౌంటీలో ఉన్న వయోజన పురుషుల కంటే పోలైన ఓట్లే ఎక్కువని తేలింది. సైన్యం భయానికి అక్కడ నష్టపోయింది టిల్మన్ అని ఎలా అనగలం?

తీరవాసి:
ఎడ్జ్‌ఫీల్డ్ రిగ్గింగును నేను సమర్థించడం లేదు. అయితే 1877 ఏప్రిల్ 10న రాష్ట్ర శాసనసభ భవనం నుంచి సైనికులు వెళ్లిపోయాక, గవర్నరైన హాంప్టన్ నల్లజాతివారి హక్కులను గౌరవిస్తానని మాట ఇచ్చారు, కొందరికి పదవులూ ఇచ్చారు. 1878లో రిపబ్లికన్లు గవర్నర్ పదవికి అభ్యర్థినే నిలబెట్టలేదు. ఆ ఎన్నికల ఫలితాన్ని ఓటర్ల మనసు మారడంగా చూడకూడదా?

అక్షరయాత్రి:
చూడవచ్చునేమో గాని, ముందు ఫలితాలను పక్కపక్కన పెట్టండి. 1876లో రెయినీ, రిచర్డ్ కెయిన్, స్మాల్స్ గెలిచి అయిదింట మూడు స్థానాలు రిపబ్లికన్లకు దక్కాయి. 1878లో అయిదుకు అయిదూ డెమోక్రాట్లవే. ఈ మధ్యకాలంలో నల్లజాతి జనాభా తగ్గలేదు సరికదా, 1880 లెక్కల్లో 9,95,577 మందిలో 6,04,332కు చేరింది.

మనసు మారిందంటే పలుచని కాగితాల అవసరం ఏమొచ్చింది? అప్పట్లో బ్యాలెట్ పత్రాలను పార్టీలే అచ్చు వేయించుకునేవి. 1878లో డెమోక్రాట్లు టిష్యూ కాగితం మీద చిన్నచిన్న పత్రాలు అచ్చు వేయించారు. పెద్ద పత్రం ఒకటి మడిచి, దానిలోపల వీటిని పొదిగి వేస్తే, పెట్టెను కుదిపినప్పుడు విడిపోయి ఒక్క ఓటు అనేక ఓట్లవుతుంది. లెక్క తీసేటప్పుడు పోలింగు జాబితాలోని పేర్ల కంటే ఓట్లు ఎక్కువ తేలితే, అధికారి చూడకుండా పెట్టెలో చేయి పెట్టి అదనపు పత్రాలను తీసి పారేయాలన్నది నియమం. చేతికి తగిలేవి దళసరి రిపబ్లికన్ పత్రాలు. వేళ్లకు అందక మిగిలిపోయేవి పలుచనివి. ఒక్క మోసంతో తమ ఓట్లు పెరిగాయి, ఎదుటివారి ఓట్లు తగ్గాయి.

ప్రచారమైనా సాగనిచ్చారా అంటే అదీ లేదు. అంతర్యుద్ధంలో ప్లాంటర్ ఓడను చార్లెస్టన్ రేవు నుంచి నడిపించుకుపోయి ఉత్తరాది నౌకాదళానికి అప్పగించిన స్మాల్స్ అంతటివాడు, గిలిసన్‌విల్ సభలో ఎర్రచొక్కాల దాడికి ఒక దుకాణంలో తలదాచుకోవలసి వచ్చింది. కబురు తెలిసి చుట్టుపక్కల నల్లజాతివారు చేతికందినవి పట్టుకుని తరలివచ్చారు. మనసు మార్చుకున్న జనం చేసే పని కాదిది.

చరిత్రపాఠి:
టిష్యూ కాగితాల సంగతి చదివాక సైన్యం వల్ల ఫలితం తారుమారైందన్న మాటను నేను సమర్థించలేను. అయితే అక్షరయాత్రి గారికి ఒక అభ్యంతరం చెప్పాలి. సైన్యం ఉన్న 1876లోనూ ఎడ్జ్‌ఫీల్డ్‌ను కాపాడలేకపోయిందని మీరే అన్నారు గనుక, స్మాల్స్‌ను గెలిపించింది సైన్యమూ కాదు, ప్రధానంగా బ్యూఫోర్ట్ తీరంలో బెదిరింపులకు లొంగకుండా బారులు తీరిన ఓటర్లు.

అక్షరయాత్రి:
ఒప్పుకుంటాను. అందుకే 1880లో మళ్లీ టిల్మన్ గెలిచినట్టు ప్రకటించినప్పుడు స్మాల్స్ ఆ ఫలితంపై సభలో పోరాడారు. ఆ పోరాటం దాదాపు రెండేళ్లు సాగి, 1882 జూలైలో ఆయనకు స్థానం దక్కింది. ఆ ఏడాదే రాష్ట్ర శాసనసభ ఒక్కో పదవికి ఒక్కో పెట్టె పెట్టి, తప్పు పెట్టెలో పడిన పత్రం చెల్లదనే చట్టం చేసింది. ఏ పెట్టె ఏ పదవిదో చదవలేని ఓటరును ఆపడానికి ఇక రైఫిల్ క్లబ్బుల అవసరం లేకపోయింది.