ఆక్టేవ్‌లో ఇరుక్కుపోతే ఎవరిని అడగాలి? తెలుగులో ఏమైనా ఉందా?

ఫైనల్‌ఇయర్_ఈసీఈ

అందరికీ నమస్తే. నాది ఈసీఈ ఫైనల్ ఇయర్, ప్రాజెక్టు ఈసీజీ సిగ్నల్‌లో నాయిస్ తీసేయడం. కాలేజీ ల్యాబ్‌లో మాట్‌ల్యాబ్ (లెక్కలు, గ్రాఫులు చేసే సాఫ్ట్‌వేర్, డబ్బు కట్టాలి) ఉంది కానీ సాయంత్రం అయ్యేసరికి తాళం వేసేస్తారు, సొంతంగా లైసెన్స్ కొనే పరిస్థితి లేదు, అందుకని హాస్టల్లో నా ల్యాప్‌టాప్‌లో అలాంటిదే ఉచితంగా వచ్చే గ్నూ ఆక్టేవ్ వేసుకున్నాను (ఉబుంటు). ల్యాబ్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రామే ఇక్కడ ఫిల్టర్ తయారుచేసే "బటర్" ఫంక్షన్ దగ్గర ఆగిపోతోంది, "అన్‌డిఫైన్డ్" అని ఎర్రర్. గూగుల్ చేస్తే అన్నీ మాట్‌ల్యాబ్ పేజీలే. యూట్యూబ్‌లో దొరికినవి మ్యాట్రిక్స్ గుణించడం దగ్గరే ఆగిపోతున్నాయి. డబ్బు కట్టి కొన్నదైతే కంపెనీని అడగొచ్చు, ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్‌కి ఎవరిని అడగాలి? తెలుగులో ఏమైనా ఉంటే ఇంకా మంచిది. వచ్చే వారం రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

డేటా ఫిజియోనెట్ అనే సైట్‌లో ఉచితంగా దొరికే ఎంఐటీ-బీఐహెచ్ ఈసీజీ రికార్డులు. కరెంటు హమ్ (కరెంటు లైన్ వల్ల సిగ్నల్‌లో కలిసే నాయిస్) కోసం 49 నుంచి 51 హెర్ట్జ్ దాకా ఆపేసే బ్యాండ్‌స్టాప్ ఫిల్టర్ పెట్టాను, అది సరే కదా?

కమాండ్‌లైన్_కాకా

ఎర్రర్‌లో మొదటి ముక్క మాత్రమే రాశావు తల్లీ, దాని కింద ఇంకో రెండు లైన్లు ఉంటాయి చూడు, ఈ ఫంక్షన్ సిగ్నల్ ప్యాకేజీలో (విడిగా చేర్చుకునే ఫంక్షన్ల కట్ట) ఉంది అని ఆక్టేవే చెబుతుంది. మాట్‌ల్యాబ్‌లో టూల్‌బాక్స్ ఉంటే దానంతటదే అందుబాటులో ఉంటుంది. ఆక్టేవ్‌లో ప్యాకేజీని వేసుకోవాలి, వేసుకున్నాక ప్రతిసారీ లోడ్ కూడా చేయాలి, సగం మంది ఇక్కడే పడతారు. ఉబుంటులో ఆప్ట్ కమాండ్‌తో ఆక్టేవ్-సిగ్నల్ ఇన్‌స్టాల్ చెయ్, తర్వాత నీ ప్రోగ్రామ్ మొదటి లైన్లో "పీకేజీ లోడ్ సిగ్నల్" (pkg load signal) అని పెట్టు. విండోస్ వాళ్ళకి ఇన్‌స్టాలర్‌తోనే చాలా ప్యాకేజీలు వచ్చేస్తాయి కానీ లోడ్ చేసే పని వాళ్ళకీ తప్పదు. ఏవేవి ఉన్నాయో "పీకేజీ లిస్ట్" కొడితే కనిపిస్తాయి, పక్కన నక్షత్రం గుర్తు (*) ఉన్నవి లోడ్ అయినట్టు.

ఇక ఎవరిని అడగాలి అన్నావు కదా, ముందు ఆక్టేవ్‌నే అడుగు. "హెల్ప్ బటర్" కొడితే ఆ ఫంక్షన్ గురించి చెబుతుంది, కానీ ప్యాకేజీ లోడ్ చేశాకే. పేరు తెలియకపోతే "లుక్‌ఫర్ ఫిల్టర్" కొట్టు, వివరణలో ఆ మాట ఉన్న ఫంక్షన్లన్నీ వెతికి పెడుతుంది, కాస్త టైమ్ తీసుకుంటుంది, ఓపిక పట్టు. "డాక్" కొడితే మాన్యువల్ మొత్తం తెరుచుకుంటుంది, నెట్ లేకపోయినా సరే. గ్రాఫులకైతే "డెమో ప్లాట్" లాంటివి వాడి చూడు, బొమ్మ గీసి చూపిస్తుంది, దాని కోడ్ కూడా ఇస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చేది "టైప్ బటర్". ఫంక్షన్ సోర్స్ మొత్తం తెర మీద పడుతుంది. హెల్ప్‌లో రాయని సంగతులు అక్కడ దొరుకుతాయి.

ఆటోవాలా_సిగ్నల్స్

కాకా చెప్పింది ఇన్‌స్టాలేషన్ సంగతి, అసలు తేడా నీ ఫిల్టర్‌లో ఉంది. 50 హెర్ట్జ్ మన దేశం కరెంటు. ఎంఐటీ-బీఐహెచ్ రికార్డులు బోస్టన్‌లో తీసినవి, అమెరికాలో 60 హెర్ట్జ్. నువ్వు పెట్టిన ఫిల్టర్ లేని హమ్‌ని తీసేస్తుంది, ఉన్నదాన్ని వదిలేస్తుంది. ఏ ఎర్రరూ రాదు, గ్రాఫ్ కూడా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, రివ్యూలో ఎవరైనా అడిగితే అప్పుడు తెలుస్తుంది.

ఫిజియోనెట్‌లో ఆ డేటాబేస్ పేజీకి వెళ్ళి వివరణ చదువు. శాంప్లింగ్ (సిగ్నల్ విలువ కొలిచి రాసుకోవడం) సెకనుకి 360 సార్లు, అది కూడా 60 హెర్ట్జ్ నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని తీసేసేది) తేలిగ్గా పెట్టుకోవడానికే ఎంచుకున్నామని వాళ్ళే రాశారు. కాబట్టి 59, 61 పెట్టి, రెండిటినీ 180తో భాగించి బటర్‌కి ఇవ్వు. ఇచ్చే విలువ 0, 1 మధ్య ఉండాలని "హెల్ప్ బటర్"లో ఉంటుంది, అందుకే శాంప్లింగ్‌లో సగంతో భాగించడం. ఆ డేటా ఏ దేశం కరెంటు కింద రికార్డ్ అయిందో మాత్రం ఏ సాఫ్ట్‌వేర్ మాన్యువలూ చెప్పదు.

పైథాన్_ప్రియుడు

ఇంత కష్టం దేనికి, పైథాన్‌లో సైపై లైబ్రరీ వాడితే అయిపోయేది కదా. డాక్యుమెంటేషన్ బాగుంటుంది, ప్రతి ఫంక్షన్ కింద ఉదాహరణ ఉంటుంది, రేపు ఉద్యోగంలో పనికొచ్చేదీ అదే.

కమాండ్‌లైన్_కాకా

నిజమే కానీ రివ్యూ వచ్చే వారం బాబూ. ఉన్న ప్రోగ్రామ్‌కి ఒక్క లైన్ చేరిస్తే నడిచేదాన్ని ఇప్పుడు కొత్త భాషలో తిరగరాయమంటావా?

పాఠాల_మేడమ్

తెలుగులో ఉన్నాయా అని అడిగారు కదా. ఐఐటీ బాంబే వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్ చూడండి. చిన్న చిన్న వీడియోలు, వాటిలో కొన్ని తెలుగులో డబ్ చేసినవి. ఒక పక్క వీడియో, ఇంకో పక్క సాఫ్ట్‌వేర్ పెట్టుకుని వాళ్ళు చేసిందల్లా మనమూ చేస్తూ పోవాలి, ఊరికే చూస్తే లాభం లేదు. సందేహం వస్తే వీడియోలో ఏ నిమిషం, ఏ సెకను దగ్గర ఆగిపోయారో చెప్పి అడిగే ఏర్పాటు కూడా ఉంది. మొదట్లో నేర్చుకునేవాళ్ళకి బాగుంటాయి, ఈసీజీ ఫిల్టర్ లాంటి వాటికి మాత్రం ఇంగ్లిష్ మాన్యువలే గతి. అక్కడిదే ఫాసీ (చదువుల్లో ఉచిత సాఫ్ట్‌వేర్ వాడకం పెంచే) ప్రాజెక్టులో ఇంజనీరింగ్ పుస్తకాల్లోని సాల్వ్డ్ ఎగ్జాంపుల్స్‌కి సైలాబ్‌లో (ఆక్టేవ్ లాంటి ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్) రాసిన కోడ్ ఉచితంగా పెట్టారు. మీ డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) పుస్తకం ఆ జాబితాలో ఉందేమో చూసుకోండి. సైలాబ్, ఆక్టేవ్ ఒకటి కావు, కానీ లెక్క ఎలా నడిచిందో అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది.

పైథాన్ బాబుకి ఒక మాట, ఆక్టేవ్ మొదలైందే స్టూడెంట్ల కోసం, కెమికల్ రియాక్టర్ డిజైన్ పాఠ్యపుస్తకానికి తోడుగా ఉంటుందని. అంత చిన్నచూపు అక్కర్లేదు.

మ్యూనిక్_మామయ్య

ఇవన్నీ అయ్యాక కూడా తెగకపోతే ఆక్టేవ్ వాళ్ళ చర్చా వేదిక డిస్కోర్స్‌లో అడుగు, డెవలపర్లే వచ్చి జవాబు ఇస్తుంటారు. ఎవరి ఉద్యోగాలు వాళ్ళు చేసుకుంటూ ఖాళీ టైమ్‌లో చెప్పేవాళ్ళు, కాబట్టి "అర్జెంట్" అని పెడితే పని జరగదు. ప్రాజెక్టు కోడ్ మూడొందల లైన్లు అతికించకు, అదే తప్పు వచ్చేలా ఐదారు లైన్ల చిన్న ప్రోగ్రామ్ చేసి పెట్టు. ఆ చిన్నది తయారుచేస్తుండగానే చాలాసార్లు తప్పు దొరికిపోతుంది, అడిగే పనే ఉండదు. ఆక్టేవ్ వెర్షన్, ఓఎస్, ఎర్రర్ పూర్తి పాఠం రాయి. స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి మాత్రం పెట్టకు తల్లీ, అందులోంచి ఎవరూ కాపీ చేసుకోలేరు. నిజంగా ఆక్టేవ్‌లోనే తప్పు ఉందని తేలితే సవానా అనే సైట్‌లో బగ్ ట్రాకర్ (తప్పులు నమోదు చేసే చోటు) ఉంది. అక్కడ రాసే ముందు ఎవరైనా అదే రాశారేమో వెతుకు.

ఫైనల్‌ఇయర్_ఈసీఈ

నడిచింది! సిగ్నల్ ప్యాకేజీ వేసి లోడ్ చేస్తే బటర్, ఫిల్ట్‌ఫిల్ట్ రెండూ పనిచేశాయి. 60 హెర్ట్జ్ సంగతి మా గైడ్ సార్ కూడా గమనించలేదు, చాలా థాంక్స్ అన్నా. ఒక్కటే మిగిలింది. ఇదే ప్రోగ్రామ్ రివ్యూ రోజు ల్యాబ్ మాట్‌ల్యాబ్‌లో చూపించాలి, అక్కడ పీకేజీ లైన్ దగ్గర ఎర్రర్ వస్తుందా? మా టీమ్‌మేట్ మాట్‌ల్యాబ్‌లో బ్లాకులు కలిపి చేసిన సిమ్యులింక్ మోడల్ ఆక్టేవ్‌లో తెరుచుకుంటుందా?

కమాండ్‌లైన్_కాకా

వస్తుంది, మాట్‌ల్యాబ్‌కి పీకేజీ అంటే తెలియదు. "ఎగ్జిస్ట్" ఫంక్షన్‌తో "ఆక్టేవ్ వెర్షన్" ఉందో లేదో చూసి, ఉంటేనే లోడ్ చేసేలా ఒక "ఇఫ్" పెట్టు, రెండు చోట్లా నడుస్తుంది. సిమ్యులింక్ ఆక్టేవ్‌లో లేదు. బ్లాకులతో పని కావాలంటే సైలాబ్‌లో ఎక్స్‌కాస్ ఉంది కానీ మోడల్ మళ్ళీ గీసుకోవాల్సిందే. వారంలో రివ్యూ పెట్టుకుని అది మొదలుపెట్టొద్దు, ఆ ఒక్కటీ ల్యాబ్‌లోనే చూపించండి.