పాస్‌బుక్‌లో ఈ కోతలు ఏమిటి? కార్డు, చెక్కు, నగదు: దేనికి ఏది వాడాలి?

బ్రాడీపేట 4/7

నాన్నగారు, అమ్మ పేర్ల మీద ఉన్న జాయింట్ ఖాతా. పెన్షన్ ఇందులోనే పడుతుంది, నెలనెలా ఒక లోన్ వాయిదా ఇందులోంచే వెళ్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పాస్‌బుక్‌లో పడిన కోతలు ఇవి: 295.00, 27.14 రెండుసార్లు, 23.60, 236.00, 436.00, 20.00. మొత్తం 1,064.88. ఏటీఎం కార్డు వాడేది డబ్బు తీయడానికే. కార్డు వెనక్కిచ్చేసి చెక్కులు, నగదుతో నడిపిస్తే ఇవి తగ్గుతాయా? ఇల్లు గుంటూరులో, ఆసుపత్రి, పెద్ద కొనుగోళ్లు విజయవాడలో. తెలిసినవారు వరుసవారీగా చెప్పగలరు.

గవర్నర్‌పేట కౌంటర్

నమస్తే అండీ. ముందు ప్రతి కోతనూ 1.18తో భాగించి చూడండి. పైసలు లేని అంకె వస్తే అది బ్యాంకు ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ. 295 అంటే 250, 27.14 అంటే 23, 23.60 అంటే 20, 236 అంటే 200. మిగిలిన 436, 20 అలా తెగవు. అవి బ్యాంకు ఛార్జీలు కావు, బీమా ప్రీమియాలు. మొదటిది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి (జీవిత బీమా), రెండోది ప్రధానమంత్రి సురక్షా (ప్రమాద బీమా). ఏటా మే నెలాఖరులో కోసుకుంటారు, జూన్ 1 నుంచి మరుసటి మే 31 దాకా కవరేజీ. జీవన్ జ్యోతిలో 50 ఏళ్ల లోపే చేరాలి, 55 దాకానే ఉంటుంది. కాబట్టి పెన్షన్ నాన్నగారిదైతే, అది అమ్మగారి పేరు మీదే అయ్యుండాలి. ఇద్దరూ 55 దాటినవారైతే ఆ 436 వెనక్కి అడగండి. వయసు లోపే ఉంటే మాత్రం దయచేసి ఆపించకండి: రెండు లక్షల జీవిత బీమా అది. నామినీ పేరు సరిగ్గా ఉందో లేదో శాఖలో చూపించుకోండి.

మీకు గట్టిగా తగిలింది 295. వాయిదా తేదీన ఖాతాలో డబ్బు చాలక ఆటో డెబిట్ వెనక్కి పోయింది. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటే: "5వ తేదీ వాయిదా, 5న పదకొండింటికి డబ్బు వేశాం కదా" అంటారు. ఆటో డెబిట్ ఫైళ్లు పొద్దున్నే వచ్చేస్తాయి. డబ్బు 4వ తేదీ సాయంత్రానికే ఉండాలి. ఒకసారి వెనక్కి పోతే లోన్ ఇచ్చినవాళ్లు అదే నెలలో మళ్లీ పంపొచ్చు, పంపిన ప్రతిసారీ మళ్లీ 295. పైగా వాళ్ల వైపు బౌన్స్ ఛార్జీ వేరు. పెన్షన్ పడే రోజుకూ వాయిదాకూ మధ్య కనీసం మూడు నాలుగు రోజులు ఉండేలా తేదీ మార్చమని లోన్ ఇచ్చిన సంస్థకు రాతపూర్వకంగా అడగండి.

లెక్కల పద్దు

27.14 సంగతి. సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు ఐదు లావాదేవీలు ఉచితం. వేరే బ్యాంకు ఏటీఎంలో మెట్రోల్లో మూడు, మిగతా ఊళ్లలో ఐదు. ఈ లెక్కలో మెట్రో అంటే ముంబై, ఢిల్లీ, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్, ఈ ఆరే. విజయవాడ, గుంటూరు రెంటిలోనూ ఐదే. ఇది రిజర్వు బ్యాంకు పెట్టిన కనీసం. కొన్ని బ్యాంకులు ఇంకా ఎక్కువే ఇస్తాయి. దాటాక వసూలు చేసేది గరిష్ఠంగా 23, ప్లస్ జీఎస్టీ. 2025 మే 1 ముందు ఇది 21 ఉండేది.

ఐదు ఎలా అయిపోతాయో చూడండి. వేరే బ్యాంకు ఏటీఎంలో బ్యాలెన్స్ చూసుకోవడం ఒకటి, మినీ స్టేట్‌మెంట్ ఒకటి, తర్వాత డబ్బు తీయడం ఒకటి. ఒక్కసారి గుమ్మం ఎక్కితే మూడు పోయాయి! బ్యాలెన్స్ ఫోన్‌లో చూసుకోండి, లేదా బ్యాంకు మిస్డ్ కాల్ నంబరు వాడండి. ఏటీఎంలో డబ్బు తీయడం ఒక్కటే చేయండి.

23.60 అంటే ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ అడిగినందుకు మిషన్ ఇవ్వనంది, దానికి ఛార్జీ. అయితే మిషన్‌లో నోట్లు లేక, నెట్‌వర్క్ లేక, పిన్ తప్పు కొట్టి ఆగిపోయిన వాటిని ఉచిత లెక్కలో కలపకూడదని, ఛార్జీ వేయకూడదని 2019 ఆగస్టులో రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. పాస్‌బుక్ తేదీతో ఏటీఎం స్లిప్ పక్కన పెట్టి సరిచూడండి. స్లిప్పుల మీద సిరా కొన్ని వారాల్లోనే వెలిసిపోతుంది. వచ్చిన రోజే ఫోటో తీసి పెట్టుకోవాలి.

బ్రాడీపేట 4/7

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. మరి 236 కార్డు వార్షిక రుసుమే కదా? కార్డు తీసేస్తే యూపీఐ పిన్ మార్చుకోవడం కుదరదని శాఖలో ఎవరో అన్నారు.

లెక్కల పద్దు

అవును, వార్షిక రుసుమే. యూపీఐ పిన్‌కు డెబిట్ కార్డు తప్పనిసరి కాదు, ఆధార్ ఓటీపీతోనూ పెట్టుకోవచ్చు. ఆధార్‌కూ ఖాతాకూ ఒకే మొబైల్ నంబరు ఉండాలి, అంతే. అయినా కార్డు పూర్తిగా తీసేయమనను. ఫోన్ పోయినా, యూపీఐ ఆగినా ఆసుపత్రి కౌంటర్ దగ్గర చేతిలో ఉండేది కార్డే. ఖరీదైన కార్డు ఉంటే అదే బ్యాంకులో తక్కువ రుసుము రూపే కార్డుకు మారండి. మార్పు ఏదైనా కార్డు ఇచ్చిన నెల తిరిగి రాకముందే చేయాలి. ఆ నెల దాటితే రుసుము పడిపోతుంది.

ఇంట్లో ఇంకెవరికైనా ఖాతా తెరవాల్సి ఉంటే బేసిక్ సేవింగ్స్ ఖాతా అడగండి. మినిమమ్ బ్యాలెన్స్ లేదు, ఏటీఎం కార్డుకు రుసుము లేదు, నెలకు నాలుగు విత్‌డ్రాలు ఉచితం. అదే బ్యాంకులో వేరే సేవింగ్స్ ఖాతా ఉంటే మాత్రం 30 రోజుల్లో మూసేయాలి.

పట్నంబజార్ చిల్లర

నా మాట వేరు. రోజువారీ ఖర్చుకు నగదు మించింది లేదు. నెలకు రెండుసార్లు సొంత బ్యాంకు ఏటీఎంలో తీసుకుంటే ఛార్జీ సున్నా. కూరగాయలు, పాలు, ఆటో, అన్నీ నోట్లతో అయిపోతాయి. కొట్టువాళ్లకు కూడా, యూపీఐ డబ్బు పడిందని చెప్పే సౌండ్ బాక్స్ అద్దె నెలనెలా కోతే.

గవర్నర్‌పేట కౌంటర్

చిల్లర ఖర్చుకు మీరన్నది ఒప్పుకుంటాను. కానీ యూపీఐ కూడా ఖాతాదారుకి ఉచితమే, కాబట్టి ఛార్జీ కోసం నగదు పట్టుకోనక్కర్లేదు. పాస్‌బుక్ ఇరవై పేజీలు నిండకూడదనుకుంటే యూపీఐ లైట్ పెట్టుకోండి. 5,000 దాకా అందులో వేసుకోవచ్చు, ఒక్కోసారి 1,000 దాకా పిన్ లేకుండా వెళ్తుంది, పాస్‌బుక్‌లో పడేది నింపిన వరుస ఒక్కటే. ఫోన్ పోతే మాత్రం అది జేబులో నోట్లు పోయినట్టే, అందుకే తక్కువ ఉంచండి.

నగదు ప్రమాదమల్లా పెద్ద మొత్తాల దగ్గర. ఒకరి నుంచి ఒకే రోజులో, లేదా ఒకే లావాదేవీకి విడతలుగా అయినా, 2 లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోకూడదు. జరిమానా తీసుకున్నవారికి, అదీ తీసుకున్నంత మొత్తం! చేబదులు అయితే 20,000 నుంచే నగదు కుదరదు. పెద్ద మొత్తం నగదు ఖాతాలో వేస్తే పాన్ అడుగుతారు. వేరే శాఖలో నగదు వేస్తే, లేదా నెలలో ఉచిత పరిమితి దాటి వేస్తే కొన్ని బ్యాంకుల్లో దానికీ ఛార్జీ ఉంది. కౌంటర్ దగ్గర ముందే అడగండి.

యార్డు గేటు

ఇది మిర్చి యార్డుకు వచ్చే రైతులకు గట్టిగా వర్తిస్తుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్ముడై తక్‌పట్టీ (అమ్మకం చీటీ) మీద రెండు లక్షలు దాటితే నగదు అడగకండి, తీసుకునేది మీరే కాబట్టి ఇబ్బంది మీకే. నెఫ్ట్, అంటే ఖాతా నుంచి ఖాతాకు బదిలీ, అడగండి. పంపేవారి సేవింగ్స్ ఖాతా నుంచి ఆన్‌లైన్‌లో అయితే 2020 జనవరి నుంచి ఛార్జీ లేదు, 2019 డిసెంబరు నుంచి రాత్రీ పగలూ నడుస్తుంది. శాఖలో ఫారం రాసి పంపితే 10,000 దాకా 2.50, లక్ష దాకా 5, రెండు లక్షల దాకా 15, ఆపైన 25 గరిష్ఠం, జీఎస్టీ అదనం. అందుకునేవారికి ఏ ఛార్జీ లేదు. పెద్ద మొత్తాల బదిలీకి వాడే ఆర్టీజీఎస్ 2 లక్షల నుంచి మొదలు.

మన జిల్లాలో ఎక్కువగా తప్పు జరిగేది ఐఎఫ్‌ఎస్‌సీ (శాఖ కోడ్) దగ్గర. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆ పాత కోడ్లు, చెక్కులు ఎప్పుడో ఆగిపోయినా చీటీల మీద ఇంకా కనిపిస్తుంటాయి. గుంటూరు కేంద్రంగా ఉన్న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగం. పాత పాస్‌బుక్ చూసి కోడ్ చెప్పొద్దు, శాఖలో కొత్తగా రాయించుకోండి. పంపేవారిని కూడా ఖాతా నంబరు కొట్టాక పేరు చూడమనండి. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్టీజీఎస్ రెంటికీ అందుకునేవారి పేరు చూపించే వీలుంది. పేరు వేరేగా కనిపిస్తే అక్కడే ఆగాలి.

చెక్కు ఇస్తామంటే? తేదీ చూడండి, చెల్లుబాటు మూడు నెలలే. చెక్కు మీద దిద్దుబాట్లు ఉంటే క్లియరింగ్‌లో ఒప్పుకోరు, తేదీ సరిచేసింది తప్ప. పక్కన సంతకం పెట్టారన్న భరోసా వద్దు, కొత్త చెక్కు రాయమనండి. అడుగున తెల్లపట్టీలో అంకెలుంటాయి, అక్కడ రాయకూడదు, మడవకూడదు, పిన్ను కొట్టకూడదు. చెక్కు చేతిలోకి రాగానే ఎడమ మూల మీద రెండు గీతలు, మధ్యలో "అకౌంట్ పేయీ". అక్షరాల్లో రాసిన మొత్తం చివర "మాత్రమే" ఉండాలి, అంకె ముందు ఖాళీ ఉండకూడదు. 2025 అక్టోబరు 4 నుంచి క్లియరింగ్ రోజంతా నడుస్తోంది. పొద్దున వేసిన చెక్కు సంగతి చాలావరకు ఆ సాయంత్రానికే తేలిపోతుంది. అంటే రాసినవారికి కూడా "రెండు రోజుల్లో డబ్బు వేస్తాలే" అనే వ్యవధి లేదు.

బౌన్స్ అయితే రిటర్న్ మెమో (చెక్కు ఎందుకు వెనక్కి వచ్చిందో బ్యాంకు ఇచ్చే చీటీ) అందిన 30 రోజుల్లో రాతపూర్వక నోటీసు పంపాలి. నోటీసు అందాక ఇచ్చినవారికి 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే ఆపైన నెల లోపు కోర్టులో ఫిర్యాదు. మొదటి 30 రోజులు "ఇస్తానన్నాడు కదా" అని ఆగి పోగొట్టుకునేవారే ఎక్కువ, దయచేసి ఆ తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి.

బ్రాడీపేట 4/7

విజయవాడలో బట్టల షాపులో 40,000 బిల్లు, ఆసుపత్రిలో అడ్వాన్సు లాంటి వాటికి? ఒక షాపులో కార్డుకు 2 శాతం అదనం అన్నారు.

లెక్కల పద్దు

డెబిట్ కార్డుకు అదనం వసూలు చేయకూడదు. రూపే డెబిట్, యూపీఐ మీద 2020 జనవరి నుంచి షాపుకే ఛార్జీ లేదు. వేరే డెబిట్ కార్డుల మీద షాపు భరించేది గరిష్ఠంగా 0.9 శాతం, అదీ వెయ్యి దాటకూడదు. 2 శాతం అన్నది క్రెడిట్ కార్డు లెక్క. "ఇది డెబిట్ కార్డండీ, రూపే" అని కార్డు తిప్పి చూపిస్తే చాలాచోట్ల ఆగిపోతుంది. బీసెంట్ రోడ్డు అయినా, వస్త్రలత అయినా నియమం ఒకటే.

ఆసుపత్రికి యూపీఐ బాగా పనికొస్తుంది. మామూలు పరిమితి రోజుకు లక్ష అయినా, ఆసుపత్రులకు 5 లక్షల దాకా అనుమతి ఉంది. బ్యాంకు మీ ఖాతాకు తక్కువ పరిమితి పెట్టిందేమో ముందు రోజే యాప్‌లో చూసుకోండి. పెండింగ్ అని చూపితే వెంటనే మళ్లీ కట్టకండి. 12 అంకెల రిఫరెన్స్ నంబరు కౌంటర్‌లో చూపించండి. షాపుకు చేరని యూపీఐ డబ్బు, ఏటీఎం ఇవ్వకుండా కోసిన డబ్బు, రెండూ లావాదేవీ రోజు కాక ఐదు రోజుల్లో వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 చొప్పున బ్యాంకు ఇవ్వాలి, మీరు అడగకపోయినా.

కార్డు యాప్‌లో విదేశీ వాడకం ఆపి ఉంచండి, ఏటీఎం పరిమితి 10,000కు తగ్గించండి. మీరు చేయని లావాదేవీ కనిపిస్తే ముందు బ్యాంకుకు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. మూడు పనిదినాల్లోపు చెప్తే, తప్పు మీది కాకపోతే నష్టం మీది కాదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో అయితే సేవింగ్స్ ఖాతాకు 10,000 దాకా మీ మీద పడొచ్చు. పిన్, ఓటీపీ మీరే ఇచ్చి ఉంటే, చెప్పేలోపు పోయినదంతా మీదే. డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, ఈ ఒక్క మాట అమ్మానాన్నలకు పదిసార్లు చెప్పండి.

పట్నంబజార్ చిల్లర

మినిమమ్ బ్యాలెన్స్ గురించి ఒకటి. స్టేట్ బ్యాంకు 2020లో, కెనరా 2025 జూన్‌లో సేవింగ్స్ ఖాతాలకు ఆ జరిమానా తీసేశాయి. ప్రైవేటు బ్యాంకుల్లో ఉంది. ఏటీఎం లెక్కలో విజయవాడ మెట్రో కాకపోయినా, శాఖల వర్గీకరణలో పది లక్షల జనాభా దాటితే మెట్రోనే. 2011 జనగణనలో విజయవాడ ఆ గీత దాటింది, గుంటూరు దాటలేదు. కాబట్టి ఒకే బ్యాంకుకు రెండు ఊళ్లలో మినిమమ్ వేరుగా ఉండొచ్చు. జరిమానా వల్ల బ్యాలెన్స్ సున్నా కిందికి పోకూడదు, అలా పోతే అడగండి.

గవర్నర్‌పేట కౌంటర్

బ్రాడీపేటవారికి, 23.60 వరుసకు మీ స్లిప్ మీద "నగదు లేదు" అని ఉంటే శాఖలో ఇలా రాసి ఇవ్వండి: "మా ఖాతా నంబరు చివరి నాలుగు అంకెలు ఇవి. ఫలానా తేదీన ఫలానా ఏటీఎం ఐడీ దగ్గర మిషన్‌లో నగదు లేక లావాదేవీ ఆగింది. దానికి వేసిన 23.60 తిరిగి జమ చేయగలరు. స్లిప్ నకలు జతచేశాం." రెండు ప్రతులు, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా న్యాయంగా లేకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, రుసుము లేదు, సాయం కావాలంటే 14448. ముద్ర వేసిన ఆ కాగితం ఫోటోనే అక్కడ అడిగే మొదటి పత్రం.