బావిలో బయటపడిన పలుగురాయికి ఈ పలకలు ఎట్లా వచ్చినట్టు?

పాకాల రైతుబిడ్డ: బావి లోతు చేయిస్తాంటే గ్రానైటు బండలో జానెడు వెడల్పు తెల్ల పలుగు చార తగిలింది. పగలగొడితే నడిమి బోలులో వేలెడేసి స్ఫటికాలు, ఆరు పలకలు, పైన మొన. సాన పట్టినట్టే ఉండాయి. పిడుగు పడినచోట పుడతాయంటాడు మా మామ. నిజమేనా?

రాళ్ళపిచ్చి: పిడుగు కాదన్నా, వేడినీళ్ళు. భూమిలో కిలోమీటర్ల లోతున నీళ్ళు ఒత్తిడిలో అక్కడి వేడికి బాగా కాగి, రాతిలోని సిలికాను, అంటే పలుగు అయ్యే పదార్థాన్ని, కరిగించుకుంటాయి. పగుళ్ళలో పడి పైకొచ్చేకొద్దీ వేడి, ఒత్తిడి తగ్గుతాయి. అప్పుడు సిలికా విడిపోయి పగులు గోడలకు పట్టుకుంటుంది. రెండు గోడల నుంచీ లోపలికి పెరుగుతూ ఒకదాన్నొకటి ఆనుకుంటే ఉత్త తెల్లచారే. మధ్యలో ఖాళీ మిగిలితేనే పలకలు తేరతాయి. మీ స్ఫటికాల మొనలన్నీ బోలు వైపుకే ఉన్నాయా?

పాకాల రైతుబిడ్డ: అవునబ్బా, అన్నీ లోపలికే!

పుత్తూరు బోరుబండి: ముందు పలుగో కాదో తేల్చుకోండి, కాల్సైటు అనే సున్నపు ఖనిజం కూడా తెల్లగానే ఉంటుంది. చాకుతో గీకితే తెలిసిపోతుంది, కాల్సైటు మీద గాటు పడుతుంది, పలుగు మీద పడదు. బోరు వేసేటప్పుడు పలుగు తగిలిందంటే మా బిట్టు అరిగిపోయినట్టే, ఆ గట్టిదనం మాకు బాగా తెలుసు.

పాకాల రైతుబిడ్డ: గీకినాను. రాయి మీద నల్లగీత పడింది, తడిగుడ్డతో తుడిస్తే పోయింది. చాకు మొనే అరిగింది. పలకల మీద అడ్డంగా సన్నగీతలు కూడా ఉండాయి.

రాళ్ళపిచ్చి: ఇంక అనుమానం లేదు, పలుగే. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలతలో దీనిది 7, గాజును కూడా గీస్తుంది. ఆ అడ్డగీతలు పెరిగేటప్పుడు పడినవే. పక్కపక్క పలకల మధ్య కోణం కొలవండి, స్ఫటికం చిన్నదైనా పెద్దదైనా 120 డిగ్రీలే. 1669లోనే స్టెనో అనే డెన్మార్కు శాస్త్రవేత్త ఈ సంగతి రాసిపెట్టాడు. అణువుల వరస ఒకటే కాబట్టి కోణమూ మారదు.

అలిపిరి మెట్లు: మరి తిరుమల కొండలు? శిలాతోరణం కూడా పలుగే అంటారే, అక్కడ ఒక్క పలకా కనపడదు.

రాళ్ళపిచ్చి: అది క్వార్ట్‌జైటు. పలుగు ఇసుక పొరలు పొరలుగా పేరుకుని, సిలికాయే అంటు పట్టి రాయైంది. రేణువుల మధ్య చోటు లేదు, ఇంక పలకలెక్కడ తేరతాయి? ఘాట్ రోడ్డులో ఆ పొరలు పాత గ్రానైటు మీద కూర్చున్న చోటును చూడండి, నడుమ కాలపు రాతిపొరలే లేక కోట్ల ఏళ్ళ చరిత్ర గల్లంతైపోయి ఉంటుంది. శిలాతోరణం కంటే నాకు అదే ముచ్చట.

కుప్పం మామ: మా పక్క చిగురుగుంట గనిలో బంగారం తవ్వింది పలుగు చారల్లోనే.

పాకాల రైతుబిడ్డ: సామీ, ఆ మాట మా మామ చెవిన పడనీయబాకు, బావి కాస్తా గని అయిపోతుంది!

రాళ్ళపిచ్చి: చాలా చారల్లో బంగారం ఊసే ఉండదులెండి.

అలిపిరి మెట్లు: మాల గుచ్చుకోను పనికొస్తాయా?

రాళ్ళపిచ్చి: స్ఫటికం మొదలు దగ్గర పాలలా మసగ్గా ఉంటుంది, లోపల చిక్కుకున్న సన్నటి నీటిబుడగల వల్ల. మొన దగ్గర తేటగా ఉంటే ఆ ముక్క పనికొస్తుంది. మొన మీద మాత్రం సుత్తి పడనీయొద్దు. వెనక బండతో సహా ఉలితో ఊడదీయించండి.