ఎక్స్-రే బాగానే ఉంది, కానీ పేస్ బౌలర్‌కి నడుము నొప్పి తగ్గట్లేదు: ఎమ్మారై తీయించాలా?

పర్లాకిమిడి_కోచ్:
కుర్రాడికి 15 ఏళ్లు, కుడిచేతి పేసర్. మూడు వారాలుగా నడుము కింద, ఎడమ పక్కనే నొప్పి. బంతి వేసినా వెనక్కి వంగినా కలుక్కుమంటోంది, పడుకుంటే ఏమీ ఉండదు. కాల్లోకి లాగడం, తిమ్మిరి లేవు. ఎక్స్-రే చూసి కండరం పట్టేసిందన్నారు. ఇంట్లో తైలం మర్దన, భుజంగాసనం నడుస్తున్నాయి. ఎమ్మారై కావాలంటే శ్రీకాకుళమో బరంపురమో వెళ్లాలి. ఆ ఖర్చు పెట్టించడం సబబేనా? వచ్చే నెల టోర్నీ ఉంది.

ఫిజియో_బరంపురం:
సబబే మాస్టారూ. ముందు ఇవాళే బౌలింగ్ ఆపించండి, భుజంగాసనం కూడా. డిస్క్ నొప్పి ఉన్న కొందరికి పనికొచ్చే ఆసనం ఇక్కడ చెరుపు చేస్తుంది.

వెన్నుపూస వెనక, పై కీలుకీ కింది కీలుకీ మధ్య సన్నటి ఎముక వంతెన ఉంటుంది, దాన్ని పార్స్ అంటారు. ముందుకాలు నేలకి తగిలిన క్షణాన నడుము వెనక్కి వంగి, పక్కకి ఒరిగి, మెలి తిరుగుతుంది. ఆ భారంలో ఎక్కువ భాగం బంతి వేసే చేతికి ఎదుటి పక్కనున్న పార్స్ మీద పడుతుంది. కుడిచేతి వాడికి ఎడమ పక్క నొప్పి అందుకే. ఎముక ఇంకా ముదరని వయసు, మానడానికి వ్యవధి ఇవ్వకుండా మళ్లీ మళ్లీ అదే దెబ్బ, దాంతో బీట పడుతుంది. ఎక్కువగా నడుములో అన్నిటికంటే కింది పూస ఎల్5లో, పేసర్లకి దాని పైనున్న ఎల్4లో కూడా.

ఒంటికాలి మీద నిలబెట్టి వెనక్కి వంచే పరీక్ష ఒక్కదాన్నే నమ్మి అవుననీ కాదనీ తేల్చకండి.

రాయగడ_స్కానింగ్:
తొలి దశలో ఎక్స్-రేలో ఏమీ కనపడకపోవడం మామూలే. ఎముక లోపల వాపు ఉంటుంది గానీ బీట గీత ఇంకా ఏర్పడదు. ఎమ్మారై చీటీలో "పేస్ బౌలర్, ఎడమ పార్స్ అనుమానం, స్టిర్ సీక్వెన్స్ కావాలి" అని డాక్టరు చేత రాయించండి. స్టిర్ అంటే ఎముక లోపలి వాపుని పట్టి చూపించే ఎమ్మారై పద్ధతి. ఉత్త నడుము నొప్పి అని రాస్తే డిస్కుల కోసం తీసే బొమ్మలతో సరిపెట్టేస్తారు, పార్స్ సరిగ్గా పడకపోవచ్చు. గీత ఎంత లోతో చూడాలంటే సీటీ మేలు, కానీ పిల్లాడికి రేడియేషన్ కదా, అవసరమైతే ఆ ఒకటి రెండు పూసలకే చాలు. రెండు పక్కలా విరిగిందంటే నిలబెట్టి పక్కనుంచి ఎక్స్-రే తీయించాలి, పూస ముందుకి జారిందేమో తెలుస్తుంది. జారుడు 25 శాతం లోపు ఉంటే మొదటి గ్రేడు. అలాంటివాటిలో చాలావాటికి ఆపరేషన్ అక్కర్లేదు.

పర్లాకిమిడి_కోచ్:
నెల తిరక్కుండానే నొప్పి పోతే ఆడించొచ్చా? బెల్టు వేయించమంటారా?

గుణుపురం_పేస్:
ఆడించకూడదు. నొప్పి కొన్ని వారాల్లోనే పోతుంది, ఎముక అతకడానికి నెలలు పడుతుంది. పిల్లలు మళ్లీ విరగ్గొట్టుకునేది సరిగ్గా ఆ మధ్యలోనే. టోర్నీ మాట మరిచిపోండి. బీట తేలితే సుమారు మూడు నెలలు పరుగు, గెంతులు, బౌలింగ్ బంద్, నడక పర్లేదు. పేసర్లకి మళ్లీ పూర్తి వేగంతో వేయడానికి ఆరు నెలలు దాటినా ఆశ్చర్యం లేదు. బుమ్రా నడుము గాయంతో 2022 టీ20 ప్రపంచకప్‌కి దూరమై, 2023లో ఆపరేషన్ అయ్యాక ఆ ఆగస్టులో గానీ తిరిగి రాలేదు.

నొప్పి లేకుండా చేయగలిగితే సైడ్ ప్లాంక్ (పక్కకి తిరిగి మోచేతి మీద ఒళ్లు నిలపడం), డెడ్ బగ్ (వెల్లకిలా పడుకుని ఎదురెదురు చెయ్యీ కాలూ చాపడం), తొడ వెనక కండరాల సాగదీత. తర్వాత పరుగు. ఆ తర్వాత నిలబడి బంతులు, సగం రనప్, చివర్న పూర్తి వేగం. వరసగా రెండు రోజులు వద్దు. ఇంగ్లండ్ బోర్డు చాలాకాలం అమలు చేసిన లెక్కలో 14, 15 ఏళ్ల వాళ్లకి స్పెల్‌కి 6 ఓవర్లు, రోజుకి 12. నెట్స్‌లో వేసిన బంతులకీ లెక్క ఉండాలి, మనవాళ్లు లెక్కపెట్టనిది అదే.

ఫిజియో_బరంపురం:
బెల్టు మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. నా మటుకు, మాట వినకుండా గెంతే పిల్లాడికి అదొక కళ్లెం, అంతవరకే. విటమిన్ డి పరీక్ష చేయించండి, మిల్లీలీటరుకి 20 నానోగ్రాముల లోపుంటే లోటే. నొప్పి మాత్ర వేసి మాత్రం ఆడించకండి. కాలు బలహీనపడినా, మూత్రం పట్టు తప్పినా, మర్మాంగాల దగ్గర మొద్దుబారినా స్కాన్ తేదీ కోసం ఆగొద్దు, అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. జ్వరంతోనో, రాత్రి నిద్ర లేపేంతగానో నొప్పి వస్తే అది వేరే జబ్బు కావచ్చు, అదీ వెంటనే చూపించండి.